తట్టని దుర్సున్

మా ఊళ్లో దుర్సున్‌లు ముగ్గురు. కుంటి దుర్సున్, పోస్టాఫీసు దుర్సున్, తట్టని దుర్సున్. ఈ మూడో అతను నాకు మరిది. టీకొట్టు దగ్గర కూర్చునే కుర్రకారుకి ఆ పేరు ఎందుకొచ్చిందో కూడా సరిగ్గా తెలియదు. తాతలు పిలిచారు కాబట్టి వాళ్లూ పిలుస్తారు, అదీ ఎదురుగానే. అతను పలుకుతాడు కూడా.

నిజానికి ఊరు మొత్తం మీద తలుపు తట్టే మనిషి అతనొక్కడే. మాలో పొరుగింటికి వెళ్తే ఎవరూ తట్టరు. "ఎల్మాస్, ఉన్నావా?" అని కేకేస్తూ వంటింటి దాకా వచ్చేస్తారు. దుర్సున్ అలా కాదు. తలుపు బార్లా తీసి ఉన్నా, గుమ్మంలో నేనే కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నా, ద్వారబంధం మీద మూడుసార్లు తడతాడు. "రా" అనేదాకా బయటే నిలబడతాడు. మంచు కురుస్తున్నా అంతే.

"ఎదురుగా కూర్చున్నాను కదయ్యా, కళ్లు కనబడటం లేదా?" అని విసుక్కునేదాన్ని మొదట్లో.

"కనబడుతున్నావు వదినా" అనేవాడు. అని, మళ్లీ తట్టేవాడు.

తర్వాత తర్వాత విసుక్కోవడం మానేశాను. తట్టగానే "రా" అంటాను. రోజుకి రెండుసార్లు, నలభై అయిదేళ్లు. లెక్క మీరే వేసుకోండి.

అతని పేరు కూడా అతనిది కాదు. మా అత్తగారికి పెద్దకొడుకు బెకిర్ తర్వాత వరసగా ముగ్గురు పోయారు. మూడోవాడికి దుర్సున్ అని పెట్టారు, అంటే ఉండిపోనీ అని. వాడూ ఉండలేదు, పాలు మరవకుండానే పోయాడు. ఆ తర్వాత ఇతను పుడితే, మళ్లీ పట్నం దాకా నడిచి కొత్త కాగితం రాయించడమెందుకని మా మామగారు ఆ పోయినవాడి కాగితాన్నే ఇతనికి ఉంచేశారు. మా వైపు చాలా ఇళ్లలో ఇలాగే చేసేవాళ్లు. అలా పేరూ పుట్టినరోజూ రెండూ చచ్చిపోయిన అన్నవి. కాగితం మీద నాలుగేళ్లు పెద్ద. మూతి మీద నూగుమీసం కూడా రాకుండానే సైన్యంలోకి పట్టుకుపోయారు. "నా వంతు తిండి ఎవరో తినేసి, నా వంతు కవాతు నాకు మిగిల్చారు వదినా" అని నవ్వేవాడు. అప్పట్లో నవ్వేవాడు.

ఎడమచేతి వాటం. అన్నం ఎడమచేత్తో తినకూడదని మా అత్తగారు చిన్నప్పుడు ఆ చేతికి గుడ్డ చుట్టి ఉంచేదట. తిండి కుడిచేత్తో నేర్చుకున్నాడు గానీ, పికాసు పట్టుకుంటే మాత్రం చెయ్యి దానంతటదే మారిపోయేది.

పికాసు సంగతి చెప్పకపోతే మీకు మిగతాది అర్థం కాదు. మా పాత ఊరంటే కొండే. అక్కడ ఇల్లు కట్టుకోవడం లేదు, తొలుచుకోవడమే. రాయి మెత్తన, గాలి తగిలాక గట్టిపడుతుంది. కొడుక్కి పెళ్లి కుదిరిందంటే పక్కన ఇంకో గది తొలుస్తారు. పెళ్లికొడుకు తన గది తానే తొలుచుకోవాలి, వేరే చెయ్యి పడితే కాపురం నిలవదంటారు. గోడ మీద పికాసు గాట్లు మనిషి చేతిరాతలాగే ఉంటాయి. కుడిచేతి వాడి గాట్లు ఒకవైపు వాలతాయి, ఎడమచేతి వాడివి రెండోవైపు. ఏ గదిలోకి వెళ్లినా గోడ చూసి ఇది ఫలానా వాడు తొలిచాడని చెప్పేసేవాళ్లు. ఊరంతటికీ ఎడమచెయ్యి మాత్రం ఒక్కటే.

గోడకి చెవులుంటాయంటారు. మా గోడలకి నిజంగానే ఉండేవి. నీ గదికీ పక్కవాడి గదికీ మధ్య ఉన్న గోడ మీద పని పెట్టుకున్నప్పుడు, పొద్దున్నే పికాసు వెనకవైపుతో మూడుసార్లు తట్టాలి. అవతల ఉన్నవాళ్లు రెండుసార్లు తిరిగి తడితే, మా వైపు గోడ జోలికి ఎవరూ పోలేదు, నువ్వు కానీ అని అర్థం. వాళ్లూ తొలుస్తుంటే తట్టరు. నోటితో కేకేస్తారు, "ఆగు, ఇటు కొడుతున్నాం" అని. అప్పుడు ఇద్దరూ తాడు పట్టుకుని మందం కొలుచుకుంటారు. ఏ జవాబూ రాకపోతే ఆ రోజుకి పని లేదు, పికాసు మూలన పెట్టేసి టీ తాగాలి. ఉగ్గుపాలతోనే వచ్చే సంగతి ఇది.

నేను బెకిర్‌ని చేసుకుని ఆ ఇంటికి వచ్చేసరికి నాకు పద్దెనిమిది. రెండేళ్ల తర్వాత, ఆప్రికాట్ పళ్లు ఎండబెట్టే రోజుల్లో, దుర్సున్‌కి పెళ్లి కుదిరింది. పిల్ల పేరు జాహిదే, నవ్వితే చిగుళ్లు కనబడేవి గానీ మంచి పనిమంతురాలు. దుర్సున్ మా గది పక్కనే తన గది తొలవడం మొదలుపెట్టాడు. రెండు గదుల మధ్య నాలుగు జానల గోడ వదలాలని అన్నదమ్ములిద్దరూ తాడేసి కొలుచుకున్నారు. నాకప్పుడు ఏడో నెల.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం బెకిర్ తోట నుంచి వచ్చి, రొట్టె తిని, ఆ గోడ వారన పడుకున్నాడు. నేను బయట డాబా మీద ఆప్రికాట్ పళ్లు తిరగేస్తున్నాను. అవతల దుర్సున్ పికాసు చప్పుడు వినిపిస్తోంది. మా ఊళ్లో ఆ చప్పుడుకి పసిపిల్లలు కూడా లేవరు. ఉన్నట్టుండి చప్పుడు మారింది. గోడా, దాని పైనున్న కప్పూ, ముందు వైపు సగం కొండా కలిసి కూలాయి. బెకిర్‌ని సాయంత్రానికి బయటికి తీశారు.

మూడోరోజు మసీదు ముంగిట్లో పెద్దలు కూర్చున్నారు. ఆడవాళ్లం వెనక నిలబడ్డాం. ఊరిపెద్ద అడిగాడు.

"దుర్సున్, ఆ పొద్దున గోడ తట్టావా?"

దుర్సున్ తలెత్తలేదు. "లేదు" అన్నాడు.

"తట్టలేదా! ఎందుకని?"

"మరిచిపోయాను."

అంతే. ఆ పూటకే అతని పేరు మారిపోయింది. జాహిదే వాళ్ల నాన్న మేం పెట్టిన ఉంగరం తిరిగి పంపించేశాడు, తట్టడం మరిచిపోయేవాడికి పిల్లనెవరిస్తారని. ఎడమచెయ్యి ఎప్పుడూ మంచిది కాదని నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. మా అత్తగారు ఆ తర్వాత మూడేళ్లు బతికింది. ఆ మూడేళ్లలో చిన్నకొడుకు చేతి రొట్టె ముట్టలేదు. అతను కుడిచేత్తో అందించినా తీసుకునేది కాదు. "అక్కడ పెట్టి పో, ఎల్మాస్ ఇస్తుంది" అనేది. నేను ఇచ్చేదాన్ని. నా చేత్తో ఇస్తే తినేది.

తర్వాత సర్కారు వాళ్లు వచ్చి కొండంతా పగుళ్లు ఉన్నాయని తేల్చారు. నెల తిరక్కుండా ఊరు ఊరంతా కిందికి దింపి, బయలు మీద వరసగా కట్టిన ఇటుక ఇళ్లల్లో పెట్టారు. పైకి ఎవరూ వెళ్లకుండా ముళ్లకంచె వేశారు. మా గుల్సుమ్ ఆ కొత్త ఇంట్లోనే పుట్టింది, సున్నం వాసన ఇంకా ఆరకముందే.

ఆ చలికాలం ముగ్గురు పెద్దలు వచ్చారు. అన్న పోతే వదినని మరిది చేసుకోవడం మాలో ఉన్నదే, పిల్ల పరాయి పాలు కాకుండా ఉంటుందని. దుర్సున్ వాళ్లకి టీ పోసి, గ్లాసులు ఖాళీ అయ్యేదాకా ఆగి, "నేను చంపినవాడి దుప్పట్లోకి నేనెలా దూరతాను?" అన్నాడు. వాళ్లు లేచి వెళ్లిపోయారు. నన్నెవరూ అడగలేదు. అడిగినా ఏం చెప్పేదాన్నో తెలియదు. పన్ను పీకడానికి సూది వేస్తే చిగుళ్లు ఎలా అయిపోతాయో, నా లోపలంతా అలా అయిపోయి ఉంది. కొరికినా తెలియదు. ఆ మత్తు ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

అతను మా పక్కిల్లే తీసుకున్నాడు. పికాసు మళ్లీ ముట్టలేదు. కొండల్లో నిమ్మకాయలు దాచే గోదాముల్లో మంచి కూలి ఇస్తామన్నా వెళ్లలేదు, రాతికప్పు కింద నిలబడలేనన్నాడు. బయలు మీద గుమ్మడి వేశాడు. మా వైపు గుమ్మడి గింజల కోసమే వేస్తారు. కాయ పగలగొట్టి, గింజలు తీసి, మిగతాది పొలంలోనే వదిలేస్తారు. శరత్తులో పొలం నిండా పగిలిన బుర్రల్లా కాయలు పడి ఉంటే, వాటి మధ్య ఒక్కడూ వంగి గింజలు తీస్తూ కనిపించేవాడు. మంచు పడేదాకా ద్రాక్ష పందిరి కిందే మంచం. నా కట్టెలు కొట్టేవాడు, పొగగొట్టం దులిపేవాడు. గుల్సుమ్‌ని బడికి గాడిద మీద దింపేవాడు.

దానికి పదేళ్లప్పుడు బళ్లో ఎవరో ఏదో అన్నారు. గాడిద దిగీ దిగకముందే అడిగేసింది. నేను కిటికీలోంచి విన్నాను.

"బాబాయ్, మా నాన్నని చంపింది నువ్వేనా?"

"అవునమ్మా."

"కావాలనా?"

"కాదు. తట్టడం మరిచిపోయాను."

అది సంచి భుజానికి తగిలించుకుంది. "రేపు కూడా నువ్వే దింపుతావా?" అంది.

"దింపుతాను."

దింపాడు కూడా.

ఇలా ఏళ్లు గడిచాయి. ముళ్లకంచె తీసేసి పాత ఊరి కింది పేటని చూడటానికి వచ్చేవాళ్ల కోసం తెరిచారు. బస్సులు రావడం మొదలైంది. మా వాళ్లు గేటు దగ్గర గుమ్మడి గింజలూ అల్లిన మేజోళ్లూ అమ్ముకున్నారు. లోపలికి మాత్రం పెద్దగా ఎవరూ పోలేదు. మా పై పేట ప్రమాదమని మూసే ఉంచారు. ఈ వసంతంలో చెక్కమెట్లు వేసి అదీ తెరిచారు.

గుల్సుమ్ పట్నంలో ఒక వసతి గృహంలో వంట చేస్తుంది. సంగతి దానికే ముందు తెలిసింది.

"అమ్మా, పై పేట తెరిచారట. మనిల్లు అక్కడే కదా? ఆదివారం వెళ్దాం. నలభై అయిదేళ్లొచ్చాయి, మా నాన్న పోయిన చోటు నేను చూడనే లేదు."

"నా మోకాళ్లు ఆ మెట్లెక్కవు."

"బాబాయ్‌ని కూడా అడిగాను."

"అతను రాడులే. రాతికప్పు కింద నిలబడడు."

మర్నాడు పొద్దున్నే ద్వారబంధం మీద మూడుసార్లు చప్పుడైంది. "రా" అన్నాను. చావులకి మాత్రమే తొడిగే నల్లకోటు వేసుకుని నిలబడ్డాడు.

"ఆదివారం ఎన్నింటికి వదినా?" అన్నాడు.

ఇక మోకాళ్ల సంగతి ఎత్తడానికి లేకపోయింది.

గేటు దగ్గర టికెట్టు గదిలో ఒక కుర్ర ఉద్యోగి ఉన్నాడు. అరవై అయిదు దాటినవాళ్లకి టికెట్టు అక్కర్లేదు, కాగితం చూపించమన్నాడు.

"మా ఇంటికి మాకే టికెట్టేమిటి నాయనా?" అన్నాను. "తందూరులో నిప్పు ఆర్పకుండా వచ్చేశాను. చూసొస్తాను, వదులు."

"ఎప్పుడొచ్చేశారు బామ్మా?"

"నలభై అయిదేళ్లయింది."

"అయితే ఆరిపోయే ఉంటుందిలే" అని నవ్వాడు. తర్వాత దుర్సున్ కాగితం చూసి, "డెబ్భై ఒకటా! మీరు అంతలా లేరు తాతా" అన్నాడు.

"ఆ వయసు నాది కాదు బాబూ. మా అన్నది."

"మరి ఆయన్నే రమ్మనకపోయారా?"

దుర్సున్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వాడి బదులే నేను తిరుగుతున్నాను" అన్నాడు.

మా ముందు అంకారా నుంచి వచ్చిన ఒక గుంపు ఉంది. రిటైరైన టీచర్లట, అందరికీ ఒకే రంగు టోపీలు. గైడు పిల్ల చిన్న మైకు పట్టుకుని వాళ్లని నడిపిస్తోంది. మేం ముగ్గురం వాళ్ల వెనకే నడిచాం. కింది పేటలో ఫాత్మా వాళ్ల గాడిదల కొట్టం ముందు 'భోజనశాల' అని బోర్డు పెట్టారు. గుల్సుమ్ చదివి వినిపిస్తే నాకు నవ్వు కూడా రాలేదు.

"అబద్ధమేముంది?" అన్నాడు దుర్సున్. "గాడిదలు అక్కడే కదా భోజనం చేసేవి."

గుల్సుమ్ పడి పడి నవ్వింది. బాబాయ్ హాస్యమాడటం అది పుట్టాక ఇదే మొదటిసారి కాబోలు.  నేను మాత్రం, ఇతను తేలికపడుతున్నాడు, ఇప్పుడు పైకి వెళ్తాం అనుకున్నాను.

చెక్కమెట్ల దగ్గరికి వచ్చాం. ఇక్కడ ఒక మాట చెప్పాలి. పైకెక్కాక చెప్తే బాగుండదు.

ఆ పొద్దున దుర్సున్ తట్టాడు.

మూడుసార్లు తట్టాడు. నేను విన్నాను. ఆ మధ్య గోడ మీద అతను పని పెట్టుకున్నది ఆ రోజే. బెకిర్ అప్పటికే తోటకి వెళ్లిపోయాడు. గదిలో నేనూ, తందూరు దగ్గర మా అత్తగారూ. ఆ గోడ మూలన మా వైపు బొంతలు పేర్చి ఉంటాయి, వాటి వెనక ఒక గూడు ఉంది. మూడు వారాలుగా బెకిర్ తొలుస్తున్న గూడు. నేనే అడిగాను. తందూరు పొగ తగలకుండా ఊయల పెట్టుకోవడానికి ఒక మూల కావాలన్నాను. మా అత్తగారికి తెలియకూడదు. ముగ్గుర్ని పోగొట్టుకున్న మనిషి. "పుట్టని బిడ్డకి ఊయల కడితే ఊయలే మిగులుతుంది" అని చుట్టుపక్కల ఆడవాళ్లందరికీ చెప్పేది. అందుకే ఆవిడ బయటికి పోయినప్పుడల్లా బెకిర్ నాలుగు గాట్లు వేసేవాడు, నేను రాళ్లపొడి బూడిద బకెట్టులో వేసి పారబోసి వచ్చేదాన్ని. దుర్సున్‌కి చెప్పమంటే, "వాడి నోట్లో నువ్వుగింజ నానదు, అమ్మకి చెప్పేస్తాడు. చివర్లో చెబుదాంలే" అన్నాడు.

మూడుసార్లు చప్పుడైంది. అత్తగారు నా వైపు చూసింది. "ఆగు, ఇటు కొడుతున్నాం" అనాలి నేను. ఎలా అంటాను? ఆవిడ ఎదురుగా ఉంది. ఊరుకున్నా సరిపోయేది, ఆ రోజుకి పని ఆగేది. కానీ ఊరుకుంటే, "జవాబివ్వవేం?" అని ఆవిడ లేచి గోడ దగ్గరికి వస్తుంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. నేను నోరు కూడా జారలేదు. వేళ్ల కణుపులతో రెండుసార్లు తట్టానంతే.

మధ్యాహ్నం బెకిర్ వచ్చాక చెబుదామనుకున్నాను. అలసిపోయి ఉన్నాడు, కాస్త నిద్రపోయి లేచాక చెబుదాంలే అనుకున్నాను.

మసీదు ముంగిట్లో దుర్సున్ "లేదు" అన్నప్పుడు నాకు అర్థమైంది. తట్టానంటే, జవాబెవరిచ్చారని అడుగుతారు. ఏడో నెల గర్భిణిని, మొగుడు పోయినదాన్ని ఆ నలుగురి మధ్యా నిలబెట్టడం ఇష్టం లేక అలా అన్నాడు. అతనికి గూడు సంగతి తెలియదు. వదిన నిజమే చెప్పింది, నేనే చెయ్యి ఎక్కువ ఆనించి నాలుగు జానల గోడని తినేశాను అనుకున్నాడు. రెండు చప్పుళ్లూ విన్న మా అత్తగారు కూడా తప్పు అతని చేతిదే అనుకుని నోరు విప్పలేదు. నేను ముసుగు ముందుకు లాక్కుని నిలబడ్డాను. మొదటిరోజు భయం వల్ల చెప్పలేదు. నెల తిరిగేసరికి అది అతని పేరైపోయింది. ఆ తర్వాత చెప్పడానికి రోజంటూ ఒకటి కనబడలేదు. సిగ్గుపడ్డానా అంటే పడలేదు. ఏడ్చానా అంటే బెకిర్ కోసమే ఏడవలేదు, ఇక దీని కోసమా. రొట్టెలు చేసుకున్నాను, పిల్లని పెంచాను, "రా" అన్నాను.

మెట్లెక్కాం. నలభై రెండు మెట్లు. గుల్సుమ్ నా చెయ్యి పట్టుకుంది. దుర్సున్ ముందు నడిచాడు. రాతికప్పు మొదలయ్యే చోట ఒక క్షణం ఆగి, తల వంచి, లోపలికి వెళ్లాడు.

రాళ్లన్నీ ఎత్తేసి శుభ్రం చేశారు. మధ్య గోడ చాలావరకు లేదు కాబట్టి, మా గదీ అతని గదీ కలిసి పెద్ద హాలులా ఉంది. తందూరు గుంట మీద గాజుపలక వేశారు. ఒక పక్కన మాత్రం పాత గోడ ముక్క మనిషెత్తున మిగిలి ఉంది, గది లోపలికి ముక్కులా పొడుచుకొచ్చి. దాని మీద మా వైపు ఆ గూడు. సగం విరిగిపోయింది, సగం ఉంది. పైన ఊయల తాడుకి బెకిర్ పొడిచిన కన్నం కూడా అలాగే ఉంది.

గైడు పిల్ల టోపీలవాళ్లకి దాన్నే చూపిస్తోంది. "ఇది పూర్వం ఇక్కడున్న క్రైస్తవ సన్యాసులు దీపం పెట్టుకున్న గూడు. వెయ్యేళ్లయి ఉంటుంది. ఆ కన్నంలోంచి దీపం వేలాడదీసేవారు." వాళ్లు ఫోటోలు తీసుకున్నారు. ఒక ముసలాయన గూట్లో చెయ్యి పెట్టి, "చల్లగా ఉందే" అన్నాడు. తర్వాత అందరూ పక్క గదిలోకి వెళ్లిపోయారు.

దుర్సున్ గూడు దగ్గరికి వెళ్లాడు. ముందు గాట్లు చూశాడు. వేలితో ఒక గాటు వెంట గీసుకుంటూ పోయాడు. కుడిచేతి వాలు. అవి ఎవరివో అతనికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. తొందర చెయ్యి, గాటుకీ గాటుకీ మధ్య దూరం ఎక్కువ. అన్న దగ్గరే కదా అతను పికాసు పట్టడం నేర్చుకున్నది.

తర్వాత గోడ విరిగిన అంచు దగ్గర నిలబడి ఎడమచెయ్యి చాపాడు. తన గది వైపు నుంచి జాన వేశాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. సరిగ్గా మా గది గోడ ముఖం దగ్గర చిటికెనవేలు ఆగింది. వెంట్రుకవాసి కూడా తక్కువ లేదు. ఆ చెయ్యి అక్కడే ఉంచి ఊపిరి పీల్చుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టి, తన వైపు నుంచి గూడు వెనక్కి కొలిచాడు. ఒక జాన. అది కూడా పూర్తిగా కాలేదు.

నేను గాజుపలక పక్కన నిలబడి చూస్తున్నాను. ఇప్పుడు తిరిగి నన్ను చూస్తాడు అనుకున్నాను. చూశాడు. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. గుమ్మంలో నేను చిక్కుళ్లు ఒలుస్తుంటే ఎలా చూస్తాడో అలాగే చూశాడు.

గుల్సుమ్‌కి ఇవేమీ తెలియవు. అది గోడ మొదట్లో నేలని చూస్తోంది. "ఇక్కడేనా అమ్మా?" అంది. ఇక్కడే అన్నాను. అది వంగి ఆ నేల మీద అరచెయ్యి ఆనించి, లేచి, వాళ్ల బాబాయ్ వైపు తిరిగింది. 

"బాబాయ్, ఇన్నేళ్లలో రెండోసారి అడగలేదు. ఇక్కడ అడుగుతున్నాను. ఒక్కసారి తట్టి ఉంటే మా నాన్న ఉండేవాడు. మూడుసార్లు తట్టడానికి ఎంతసేపు పడుతుంది? నిజంగానే మరిచిపోయావా?"

దుర్సున్ గూట్లోకి చూశాడు. ఊయల కన్నాన్ని చూశాడు. తర్వాత గుల్సుమ్‌ని చూశాడు, ఆ ఊయల ఎవరికోసమో ఆ నలభై అయిదేళ్ల మనిషిని.

"మరిచిపోయానమ్మా" అన్నాడు.

గుల్సుమ్ తల ఊపి, వచ్చి మళ్లీ నా చెయ్యి పట్టుకుంది. దాని అరచేతికి ఇంకా ఆ నేల దుమ్ము ఉంది.

దుర్సున్ గోడ చుట్టూ తిరిగి తన గది వైపు వెళ్లాడు. ఇప్పుడు నాకు కనబడటం లేదు. తన గాట్లు చూసుకుంటున్నాడు కాబోలు, కోటు గోడకి రాసుకుంటున్న చప్పుడు వినబడింది. తర్వాత అది కూడా ఆగింది.

తర్వాత అవతల నుంచి మూడుసార్లు తట్టాడు.

అలవాటు కొద్దీ తట్టాడో, కావాలని తట్టాడో నాకు తెలియదు. ఎవరి ఇంటికొచ్చినా తట్టే మనిషి, ఇది అన్న ఇల్లు. జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడతాడని మాత్రం తెలుసు. సాయంత్రం గేటు మూసేదాకా నిలబడతాడు. "రా" అనడానికి నా నోరు తెరుచుకుంది. ముప్పై వేలసార్లు అన్న మాట, దానంతటదే వస్తుంది. మింగేశాను. నా కణుపులు గోడకి ఆనడానికి లేచాయి. వాటిని కూడా దించేశాను.

"ఆగు" అన్నాను.  మళ్లీ అన్నాను, హాలంతా వినబడేలా. "ఆగు దుర్సున్. ఇటు కొడుతున్నాం."

 పక్క గదిలోంచి గైడు పిల్ల మైకు సన్నగా వినబడుతోంది.

"సరే వదినా" అన్నాడు దుర్సున్ చివరికి. "ఆపేశాను."

గుల్సుమ్ ఆ కొండ కింద పుట్టిన పిల్ల. ఆ మాట ఎవరు ఎప్పుడు అంటారో దానికి చిన్నప్పటినుంచీ తెలుసు. అది గూడు వైపు చూసింది, పైనున్న కన్నం వైపు చూసింది, నా వైపు చూసింది. నా చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుని, గోడకి అటువైపు ఉన్న బాబాయ్ దగ్గరికి వెళ్లింది.